స్ఫటికం నుంచి నమ్మదగిన ప్రోటీన్ నిర్మాణం దాకా: ప్రయోగశాలలోనూ దత్తాంశ విశ్లేషణలోనూ వచ్చే చిక్కులను విప్పుకునే క్రమం

ప్రోటీన్ నిర్మాణాన్ని ఎక్స్-కిరణ స్ఫటిక పద్ధతిలో (స్ఫటికం ఎక్స్-కిరణాలను చెదరగొట్టే తీరు నుంచి) కనుగొనే పనిలో తప్పు జరిగే చోటు ఒకటి, అది బయటపడే చోటు మరొకటి. శుద్ధి దశలో మిగిలిపోయిన కొద్దిపాటి మలినం నెల రోజుల తరువాత ఏ నమూనాకూ (పరమాణువుల స్థానాలను చూపే మోడల్‌కూ) లొంగని స్ఫటికమై ఎదురవుతుంది. స్పేస్ గ్రూపు (స్ఫటికంలో అణువుల అమరికకున్న సౌష్ఠవం) ఎంపికలో దొర్లిన పొరపాటు, రిఫైన్‌మెంట్‌లో (నమూనాను కొలతలకు సరిపోయేలా దిద్దే దశలో) ఆర్-ఫ్రీ విలువ (దిద్దడానికి వాడకుండా పక్కన పెట్టిన కొలతలతో నమూనాకున్న తేడా) 0.38 దగ్గర కదలకుండా ఆగిపోయినప్పుడు గాని తెలియదు. ఈ పనికి కొత్తగా వచ్చినవారు సహజంగానే లక్షణం కనిపించిన చోటే చికిత్స మొదలుపెట్టి, వారాల తరబడి అక్కడే చిక్కుకుపోతారు. అందుచేత ఒక్కొక్క దశలో వచ్చే ఇబ్బంది ఏమిటి, దాని మూలం సాధారణంగా ఎక్కడ ఉంటుంది, ముందుకు సాగే ముందు ఏ పరీక్ష చేసుకోవాలి అన్న క్రమంలో ఈ వ్యాసం రాశాను. బ్యాక్టీరియాలో తయారుచేసి, హిస్టిడిన్ ట్యాగుతో (నికెల్‌కు అతుక్కునే హిస్టిడిన్ల చిన్న తోకతో) శుద్ధి చేసిన, నీటిలో కరిగే ప్రోటీన్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. పొర ప్రోటీన్లకు డిటర్జెంట్లతో వచ్చే చిక్కులు వేరు. వాటి జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

దశ 1: చేతిలో ఉన్నది ఏమిటో కొలిచి తెలుసుకోవడం

నికెల్ కాలమ్ నుంచి దిగిన ప్రోటీన్ జెల్ మీద ఒకే బ్యాండుగా కనిపించగానే అది సిద్ధమైందని నిశ్చయించుకోవడం మొదటి తొందరపాటు. ఎస్‌డీఎస్ జెల్ ప్రోటీన్ మడతలన్నీ విప్పి, గొలుసు పొడవును మాత్రమే చూపిస్తుంది. ఆ గొలుసులు ద్రావణంలో చక్కగా మడతపడి విడివిడిగా ఉన్నాయా, గుంపులుగా అతుక్కుని ఉన్నాయా అన్న సంగతి అది చెప్పలేదు. స్ఫటికీకరణకు కావలసినదేమో సరిగ్గా ఆ సంగతే.

ముందుగా స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 240 నుంచి 340 నానోమీటర్ల వరకు పూర్తి స్కాన్ తీయండి. శుద్ధమైన ప్రోటీన్‌కు 260, 280 నానోమీటర్ల శోషణల నిష్పత్తి సుమారు 0.57 ఉంటుంది. అది 0.8 దాటి 1 వైపు పోతుంటే న్యూక్లియిక్ ఆమ్లం (డీఎన్ఏ లేదా ఆర్ఎన్ఏ) వెంట వచ్చిందన్నమాట; అప్పుడు నికెల్ కాలమ్ మీద ఉండగానే 1 మోలార్ సోడియం క్లోరైడ్‌తో కడగడం, తరువాత హెపారిన్ కాలమ్ వాడటం మేలు. 340 నానోమీటర్ల దగ్గర శోషణ సున్నాకు దిగకపోతే కాంతిని చెదరగొట్టే గుంపులు ద్రావణంలో ఉన్నట్లే. గాఢతను లెక్కకట్టడానికి మోలార్ శోషణ గుణకాన్ని అమైనో ఆమ్లాల వరుస నుంచి తీసుకోవాలి: ప్రతి ట్రిప్టోఫాన్‌కు 5500, ప్రతి టైరోసిన్‌కు 1490, ప్రతి డైసల్ఫైడ్ బంధానికి 125. ట్రిప్టోఫాన్ ఒక్కటీ లేని ప్రోటీన్ విషయంలో 280 దగ్గరి అంకెను అంతగా నమ్మవద్దు, ఎందుకంటే కొద్దిపాటి మలినం కూడా దానిని పెద్దగా మార్చివేస్తుంది. బ్లాంకుగా నీటిని కాక, ప్రోటీన్ ఉన్న బఫర్‌నే పెట్టాలి. ఇమిడజోల్ (నికెల్ కాలమ్ నుంచి ప్రోటీన్‌ను దింపే పదార్థం), ఆక్సీకరణ చెందిన డీటీటీ (సిస్టీన్లను ఆక్సీకరణ నుంచి కాపాడటానికి కలిపే పదార్థం) రెండూ ఈ ప్రాంతంలో కాంతిని శోషిస్తాయి.

రెండవ పరీక్ష, అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్. ప్రోటీన్ బయటికి వచ్చేటప్పటి శోషణ రేఖలో శిఖరం ఎక్కడ దిగిందన్నదానితో పాటు దాని ఆకారాన్నీ చూడాలి. 24 మిల్లీలీటర్ల సూపర్‌డెక్స్ 200 కాలమ్‌లో దాదాపు 8 మిల్లీలీటర్ల దగ్గర దిగేది ఖాళీ ఘనపరిమాణం, అంటే కాలమ్ రంధ్రాల్లోకి దూరలేనంత పెద్దవి దిగే చోటు. ప్రోటీన్ అక్కడ దిగితే అది గుంపు కట్టినట్లే, ఎంత అందంగా దిగినా దానితో స్ఫటికాలు పెట్టవద్దు. ప్రధాన శిఖరానికి ముందు భుజంలాంటి ఉబ్బు ఉంటే ఆ భాగాన్ని కలుపుకోకుండా మధ్య భాగాన్ని మాత్రమే తీసుకోండి. దిగుబడి మీద ఆశతో రెండంచులనూ కలుపుకునే అలవాటు చాలామందిలో చూశాను. ఆ ఆశకు మూల్యం తరువాతి దశలో చెల్లించవలసి వస్తుంది. సేకరించిన మధ్య భాగాన్ని మరుసటి రోజు మళ్లీ అదే కాలమ్ మీద కొద్దిగా ఎక్కించి చూడండి. శిఖరం అదే చోట, అదే ఆకారంలో దిగితే ప్రోటీన్ నిలకడగా ఉందని అర్థం. కొత్తగా భుజం మొలిస్తే సమస్య బఫర్‌లో ఉంది.

దశ 2: బఫర్‌ను ప్రోటీన్‌చేత ఎన్నిక చేయించడం

బఫర్‌ను వెనకటి విద్యార్థి నోటు పుస్తకంలోంచి ఎత్తి రాసుకోవద్దు. సైప్రో ఆరెంజ్ రంగుతో చేసే ఉష్ణ స్థిరత్వ పరీక్షకు ఒక్క పూట చాలు. మామూలు రియల్-టైమ్ పీసీఆర్ యంత్రం సరిపోతుంది. 25 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ వరకు నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వేడి చేస్తూ, పీహెచ్ 5 నుంచి 9 వరకు, లవణం 50 నుంచి 500 మిల్లీమోలార్ల వరకు మార్చి చూస్తే ప్రోటీన్ ఏ పరిస్థితిలో ఎక్కువ వేడికి తట్టుకుంటుందో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రారంభంలోనే ప్రతిదీప్తి ఎక్కువగా ఉంటే అది యంత్ర దోషమని కొట్టిపారేయకండి. ప్రోటీన్ నీటిని వికర్షించే లోపలి భాగాలు అప్పటికే బయటికి తెరుచుకుని ఉన్నాయని ఆ రంగు చెబుతూ ఉండవచ్చు.

ఇక్కడ ట్రిస్ బఫర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాని పీహెచ్ ఉష్ణోగ్రతతో పాటు డిగ్రీకి దాదాపు 0.03 చొప్పున మారుతుంది. 25 డిగ్రీల వద్ద కలిపిన బఫర్‌ను 4 డిగ్రీల గదిలోకి తీసుకువెళ్తే పీహెచ్ సుమారు 0.6 పెరుగుతుంది. సమవిద్యుత్ బిందువు (నికర విద్యుదావేశం సున్నా అయ్యే పీహెచ్) 8 దగ్గర ఉన్న ఒక ప్రోటీన్‌ను నేను గది ఉష్ణోగ్రతలో పీహెచ్ 7.4కు సరిచేసిన ట్రిస్‌లో శుద్ధి చేసి, చల్లని గదిలో రాత్రంతా ఉంచాను. తెల్లవారేసరికి గొట్టం అడుగున తెల్లటి అవక్షేపం పేరుకుంది. ప్రోటీన్ చెడిపోయిందనుకుని రెండుసార్లు కొత్తగా పెంచాను. కారణం మాత్రం చలిలో పీహెచ్ సరిగ్గా 8కి చేరుకోవడమే. ప్రోటీన్ సమవిద్యుత్ బిందువుకు, బఫర్ పీహెచ్‌కు మధ్య కనీసం ఒక యూనిట్ దూరం ఉండాలి. ఆ పీహెచ్‌ను వాడే ఉష్ణోగ్రత వద్దనే కొలవాలి.

ఫాస్ఫేట్ బఫర్‌ను స్ఫటికాల కోసం వాడకండి. స్క్రీన్‌లలో (స్ఫటికాల కోసం ఒకేసారి పరీక్షించే పలు ద్రావణాల సెట్‌లలో) ఉండే కాల్షియం, మెగ్నీషియం, జింకులతో కలిసి అది అందమైన ఉప్పు స్ఫటికాలను ఇస్తుంది. డీటీటీ పీహెచ్ 8.5 దగ్గర గది ఉష్ణోగ్రతలో రెండు గంటలలోపే సగానికి తగ్గిపోతుంది కనుక సిస్టీన్లు బయటికి ఉన్న ప్రోటీన్‌కు అదే పని చేసే టీసీఈపీ నయం. దానినీ ఫాస్ఫేట్‌తో కలపకూడదు. అక్కడ అది నిలవదు.

గాఢత పెంచేటప్పుడు వడపోత పొర దగ్గర ప్రోటీన్ మిగతా ద్రావణం కన్నా ఎన్నో రెట్లు చిక్కబడుతుంది. కాబట్టి సెంట్రిఫ్యూజ్‌ను ఐదు నిమిషాలకొకసారి ఆపి, పిపెట్‌తో మృదువుగా కలపాలి. ఆపకుండా అరగంట తిప్పిన ప్రోటీన్ ఆ పొర మీదనే గుంపులు కడుతుంది.

దశ 3: స్ఫటికాల వేట, చుక్కలను చదవడం

సాధారణంగా మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల దగ్గర మొదలుపెడతారు, కాని ఆ అంకెకు ప్రత్యేక పవిత్రత ఏమీ లేదు. 96 పరిస్థితుల స్క్రీన్ ఒకటి పెట్టి (ఒక్కొక్క ద్రావణంతో ప్రోటీన్‌ను కలిపిన ఒక్కొక్క చుక్క), మరుసటి రోజు లెక్క చూడండి. ముప్పాతిక చుక్కలు నిర్మలంగా ఉంటే గాఢత చాలదు. ముప్పాతిక చుక్కలు గోధుమరంగు మందపాటి అవక్షేపంతో నిండితే గాఢత ఎక్కువైంది. దాదాపు సగం చుక్కల్లో అవక్షేపం ఉన్న గాఢతే వెతకవలసిన చోటు. ప్లేటు పెట్టేముందు ప్రోటీన్‌ను 4 డిగ్రీల వద్ద గరిష్ఠ వేగంతో పది నిమిషాలు తిప్పి, పైభాగాన్ని మాత్రమే వాడాలి.

అవక్షేపం అంతా ఒకటి కాదు. మైక్రోస్కోపు కింద గోధుమరంగులో, చర్మంలా ముడతలు పడి కనిపించేది విప్పుకుపోయిన ప్రోటీన్. అది దాదాపు నిరుపయోగం. తెల్లగా, సన్నని ఇసుకలా ఉండి, ధ్రువిత కాంతిలో అక్కడక్కడ మెరిసేది సూక్ష్మ స్ఫటికాలు కావచ్చు. దానిని చూసి నిరాశపడటం పొరపాటు, ఎందుకంటే తరువాత బీజాలుగా వాడుకోవడానికి అంతకన్నా మంచి పదార్థం దొరకదు. నూనె చుక్కల్లా గుండ్రంగా విడిపోయేది ద్రవ-ద్రవ విభజన. అవక్షేపకారి (ప్రోటీన్‌ను ద్రావణం నుంచి బయటికి నెట్టే పదార్థం) గాఢతను కొద్దిగా తగ్గిస్తే లేదా ఉష్ణోగ్రత మారిస్తే అక్కడి నుంచి స్ఫటికాలు వచ్చే అవకాశం ఉంది. మొదటి రోజు, మూడవ రోజు, ఏడవ రోజు, ఆ తరువాత వారానికొకసారి చూసి ప్రతి చుక్కకూ ఒక మాట రాసుకోండి. స్ఫటికం కనిపించిన రోజు తెలియకపోతే దాన్ని మళ్లీ పుట్టించడం కష్టమవుతుంది. మూడు వారాల తరువాత అకస్మాత్తుగా పుట్టిన స్ఫటికం విషయంలో ప్రోటీన్ కొంత తెగిపోయి, మిగిలిన గట్టి ముక్క స్ఫటికమైందేమోనని అనుమానించాలి. అదే నిజమైతే జన్యు నిర్మాణాన్ని ఆ హద్దుల దగ్గర కత్తిరించి మొదటికి వెళ్లడం అన్నిటికన్నా దగ్గరి దారి.

దశ 4: అది ఉప్పా, ప్రోటీనా, మన ప్రోటీనేనా

స్ఫటికం కనిపించినప్పుడు కలిగే ఉత్సాహంలో ఈ మూడు ప్రశ్నలను దాటవేయకూడదు. మొదటిదానికి సులువైన జవాబు, ప్రోటీన్ లేకుండా అదే బఫర్‌తో పెట్టిన జత చుక్క. అందులోనూ స్ఫటికం వస్తే అది ఉప్పు. అతినీలలోహిత కాంతిలో ట్రిప్టోఫాన్ ఉన్న స్ఫటికం వెలుగుతుంది, ఉప్పు వెలగదు. ట్రిప్టోఫాన్ లేని ప్రోటీన్ కూడా వెలగదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. సూదితో తాకితే ఉప్పు గట్టిగా ఉండి టక్కుమని పగులుతుంది, ప్రోటీన్ స్ఫటికం మెత్తగా చిట్లుతుంది. తుది తీర్పు ఎక్స్-కిరణాలదే. ఉప్పు స్ఫటికం చిత్రంలో దూరదూరంగా కొద్ది బలమైన బిందువులు మాత్రమే, అవీ అంచుల వైపు ఉంటాయి. ప్రోటీన్ స్ఫటికం చిత్రంలో కేంద్రం దగ్గర నుంచే బిందువులు దగ్గరదగ్గరగా వరుసలు తీరుతాయి.

మూడవ ప్రశ్నను అడిగేవారే తక్కువ. నికెల్ కాలమ్‌కు ఈ. కోలై సొంత ప్రోటీన్లు కొన్ని గట్టిగా అతుక్కుంటాయి. వాటిలో ఏసీఆర్‌బీ అనే పొర ప్రోటీన్ జెల్ మీద కంటికి ఆనని మోతాదులో ఉండి కూడా స్ఫటికాలు కట్టిన సందర్భాలు పలుమార్లు ప్రచురితమయ్యాయి. కాబట్టి తొలి వివర్తన చిత్రం (స్ఫటికం చెదరగొట్టిన ఎక్స్-కిరణాల చిత్రం) నుంచి యూనిట్ సెల్ (స్ఫటికంలో పదేపదే పునరావృతమయ్యే పెట్టె) కొలతలు రాగానే, ప్రోటీన్ డేటా బ్యాంకులో అవే కొలతలు ఉన్న నిర్మాణాలున్నాయేమో వెతకండి. రెండు నిమిషాల ఆ వెతుకులాట కొన్ని నెలలను కాపాడగలదు. స్ఫటికాలు మిగులు ఉంటే కొన్నింటిని శుభ్రమైన ద్రావణంలో మూడుసార్లు కడిగి, కరిగించి, జెల్ మీదా మాస్ స్పెక్ట్రోమీటర్ మీదా చూడటం ఇంకా మంచిది.

దశ 5: స్ఫటికాన్ని మెరుగుపరచడం

పీహెచ్, అవక్షేపకారి గాఢతలను అడ్డంగా నిలువుగా సన్నని మెట్లతో మార్చిన ప్లేటు అందరూ పెడతారు. దానికన్నా నాకు నమ్మకం బీజారోపణ మీద. కొత్త స్ఫటికం పుట్టడానికి కావలసిన అతిసంతృప్తి, పుట్టిన స్ఫటికం పెరగడానికి కావలసినదానికన్నా ఎక్కువ. ఒకే చుక్కలో రెండూ జరిగితే పుట్టుక అదుపు తప్పి, వందల సూదులు వస్తాయి. ఉన్న స్ఫటికాలను చిన్న పూసతో నలగ్గొట్టి, పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలుచన చేసి, అవక్షేపకారి తక్కువగా ఉన్న చుక్కల్లో చేర్చితే పుట్టుక మన చేతిలో ఉంటుంది. అదే బీజ ద్రావణాన్ని పూర్తి కొత్త స్క్రీన్ మీద ప్రయోగిస్తే అంతకుముందు ఊహించని పరిస్థితుల్లో మెరుగైన స్ఫటికాలు రావడం తరచు జరుగుతుంది.

ఇవన్నీ చేసినా రిజల్యూషన్ (విడిగా చూడగల కనిష్ఠ దూరం; అంకె చిన్నదైతే మెరుగు) 6 ఆంగ్‌స్ట్రాములకు మించి మెరుగుపడని స్ఫటికం వస్తుంటే ద్రావణాలను వదిలి, ప్రోటీన్‌నే మార్చాలి. ఊగిసలాడే చివరలను కత్తిరించడం, ఉపరితలంలోని లైసిన్, గ్లుటామేట్ గుంపులను అలనిన్‌గా మార్చడం, వేరే జీవి నుంచి అదే ప్రోటీన్‌ను తీసుకోవడం అనేవి మూడూ ఐదు వందల కొత్త చుక్కల కన్నా ఫలవంతమైన దారులు.

దశ 6: గడ్డకట్టించడం, దత్తాంశం సేకరించడం

స్ఫటికాన్ని 100 కెల్విన్ చలి గాలిలో ఉంచి దత్తాంశం తీస్తాము కనుక లోపలి నీరు మంచు స్ఫటికాలుగా కాక గాజులా గట్టిపడాలి. స్ఫటికం లేకుండా ఒట్టి ద్రావణాన్ని స్ఫటికాన్ని పట్టే చిన్న లూపులో తీసుకుని ద్రవ నైట్రోజన్‌లో ముంచి చూడండి. అది పారదర్శకంగా ఉండాలి, తెల్లబడకూడదు. వివర్తన చిత్రంలో 3.90, 3.67, 3.44 ఆంగ్‌స్ట్రాముల దగ్గర వలయాలు కనిపిస్తే అది మంచు. గ్లిసరాల్‌ను 20 నుంచి 30 శాతం వరకు మెట్లుమెట్లుగా పెంచడం, ఇథిలీన్ గ్లైకాల్‌కు మారడం మామూలు ఉపాయాలు. వివర్తనం హీనంగా ఉన్నప్పుడు నేరం స్ఫటికానిదా, గడ్డకట్టించడానిదా తేల్చడానికి ఒక స్ఫటికాన్ని గది ఉష్ణోగ్రతలోనే కిరణంలో పెట్టి చూడాలి. ఈ పరీక్షను ఎందుకో చాలామంది మరచిపోతారు.

సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వేగంగా తిప్పి ఎక్స్-కిరణాలు పుట్టించే కేంద్రం) కిరణం బలమైనది కనుక స్ఫటికం మోయగల మోతాదుకు హద్దు ఉంది. 100 కెల్విన్ల వద్ద 30 మెగాగ్రేలను ప్రయోగపూర్వకమైన పై హద్దుగా పరిగణిస్తారు. డైసల్ఫైడ్ బంధాలు, లోహ కేంద్రాలు అంతకు చాలా ముందే దెబ్బతింటాయి. సెల్ ఘనపరిమాణం క్రమంగా పెరగడం, చివరి చిత్రాలలో అధిక రిజల్యూషన్ బిందువులు మాసిపోవడం దాని గుర్తులు. కాబట్టి గరిష్ఠ తీవ్రతతో ఒక్కసారి తీసి ముగించకుండా, కిరణాన్ని తగ్గించి, 0.1 డిగ్రీల సన్నని ముక్కలుగా 360 డిగ్రీలు తీయడం మంచిది. దెబ్బతిన్న చివరి భాగాన్ని తరువాత కోసివేసినా సంపూర్ణత మిగులుతుంది.

దశ 7: ఇండెక్సింగ్, స్పేస్ గ్రూపు, ట్విన్నింగ్

మొత్తం పనిలో కంటికి కనపడకుండా తప్పు దూరేది ఇక్కడే. అందుకే దీని మీద కొంచెం ఎక్కువ సేపు నిలుస్తాను.

చిత్రంలోని ప్రతి బిందువుకూ స్థాన సూచిక ఇచ్చే పనిని (ఇండెక్సింగ్) ఎక్స్‌డీఎస్, డయల్స్ వంటి ప్రోగ్రాములు చాలావరకు తమంతట తామే పూర్తిచేస్తాయి. కాని కిరణ కేంద్రం చిత్రంలో ఎక్కడ ఉందో కొద్దిగా తప్పుగా ఇస్తే, ముఖ్యంగా పొడవైన సెల్ అక్షం ఉన్నప్పుడు, ప్రతి బిందువుకూ సూచిక ఒక అంకె పక్కకు జరిగిపోతుంది. ఇండెక్సింగ్ జరిగినట్లే కనిపిస్తుంది, సెల్ కొలతలు సరిగ్గానే ఉంటాయి, కాని సౌష్ఠవం వల్ల సమానం కావలసిన బిందువుల తీవ్రతలు ఏ మాత్రం కలవవు. సౌష్ఠవ గ్రూపులన్నిటిలోనూ ఆర్-మెర్జ్ (సమానం కావలసిన కొలతల మధ్య తేడా) విపరీతంగా వస్తుంటే మొదట కిరణ కేంద్రాన్నే పరీక్షించండి.

రిజల్యూషన్ హద్దును నిర్ణయించేటప్పుడు ఆర్-మెర్జ్ మీద ఆధారపడవద్దు. ఒకే పరావర్తనాన్ని (బిందువును) ఎక్కువసార్లు కొలిచిన కొద్దీ దత్తాంశం మెరుగవుతుంది, కాని ఆర్-మెర్జ్ మాత్రం పెరుగుతుంది. 2012లో కార్‌ప్లస్, డీడెరిక్స్ ప్రతిపాదించిన సీసీ-హాఫ్ అనే కొలత దత్తాంశాన్ని యాదృచ్ఛికంగా రెండు సగాలు చేసి వాటి పొందికను చూస్తుంది. అత్యధిక రిజల్యూషన్ బిందువులుండే బయటి పొరలో అది 0.3 దగ్గర ఉన్నంతవరకు సమాచారం ఉన్నట్లే భావించి, ఆ అదనపు పొర వల్ల నమూనా నిజంగా మెరుగవుతోందో లేదో జత రిఫైన్‌మెంట్‌తో (ఆ పొరతో ఒకసారి, లేకుండా ఒకసారి చేసి పోల్చడంతో) తేల్చుకోవాలి.

సౌష్ఠవాన్ని ప్రోగ్రాము చెప్పినంత మాత్రాన ఒప్పుకోకూడదు. స్క్రూ అక్షాల (తిప్పి, కొంత ముందుకు జరిపే సౌష్ఠవ అక్షాల) ఉనికి, అక్షం వెంట వ్యవస్థీకృతంగా మాయమయ్యే కొద్దిపాటి పరావర్తనాల మీద ఆధారపడి ఉంటుంది. అవి కొలతలో లేకపోతే ప్రోగ్రాము ఊహిస్తుంది. పైగా పి4₁2₁2, పి4₃2₁2 వంటి ప్రతిబింబ జంటలను తీవ్రతలను బట్టి విడదీయడం అసాధ్యం. ఫేజులు (చిత్రంలో నమోదు కాని ఎక్స్-కిరణ తరంగాల దశలు) వచ్చాకే అది తేలుతుంది. తరువాతి దశలో సాధ్యమైన గ్రూపులన్నిటినీ ప్రయత్నించమని ప్రోగ్రాముకు తప్పక చెప్పాలి.

ట్విన్నింగ్ అంటే వేర్వేరు దిశలలో ఉన్న రెండు ఖండాలు ఒకే స్ఫటికంలా కలిసిపోయి, వాటి బిందువులు ఒకదానిమీద ఒకటి పడటం. బలమైన, బలహీనమైన తీవ్రతలు కలిసి సగటు వైపు జరుగుతాయి కనుక గణాంకాలే దాన్ని పట్టిస్తాయి. కేంద్ర సౌష్ఠవం లేని పరావర్తనాలకు తీవ్రతల వర్గాల సగటును సగటు వర్గంతో భాగిస్తే మామూలు స్ఫటికానికి 2.0, సంపూర్ణ ట్విన్‌కు 1.5 వస్తుంది. పొరుగు బిందువుల తీవ్రతలను పోల్చే ఎల్-పరీక్షలో ఎల్ పరమ విలువ సగటు 0.5 నుంచి 0.375కు దిగుతుంది. ఇంకో ఉచ్చు కూడా ఉంది: సంపూర్ణంగా ట్విన్ అయిన దత్తాంశం అసలు ఉన్నదానికన్నా ఎక్కువ సౌష్ఠవం ఉన్నట్లు నటిస్తుంది. అందుచేత అధిక సౌష్ఠవంలో నిర్మాణం దొరక్కపోతే, లేదా దొరికినా ఆర్ విలువలు దిగకపోతే, ఒక మెట్టు తక్కువ సౌష్ఠవంలో దత్తాంశాన్ని మళ్లీ కలిపి చూడాలి.

అసౌష్ఠవ భాగంలో (సౌష్ఠవంతో పునరావృతం చేస్తే సెల్ అంతా నిండే కనిష్ఠ భాగంలో) ఎన్ని అణువులున్నాయో మాథ్యూస్ 1968లో చూపిన లెక్కతో అంచనా వేయండి. పి2₁2₁2₁ గ్రూపులో సెల్ అంచులు 60, 80, 110 ఆంగ్‌స్ట్రాములనుకుందాం. ఘనపరిమాణం 5,28,000 ఘన ఆంగ్‌స్ట్రాములు, అసౌష్ఠవ భాగాలు నాలుగు. ప్రోటీన్ 30,000 డాల్టన్లైతే, ఒక్క అణువుకు గుణకం (ఒక డాల్టన్‌కు ఎన్ని ఘన ఆంగ్‌స్ట్రాములు) 4.4, అంటే 72 శాతం ద్రావణం. రెండు అణువులకు 2.2, అంటే 44 శాతం, మూడింటికి 1.47, అంటే 16 శాతం. మూడు పట్టవు, ఒకటి అసాధ్యం కాకపోయినా అరుదు, రెండుతో మొదలుపెట్టాలి.

దశ 8: ఫేజులు

నేడు అత్యధికులు ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాము ఊహించిన నమూనాతోనే అణు ప్రతిక్షేపణ (నమూనాను సెల్‌లో సరైన చోట అమర్చి, దాని నుంచి ఫేజులు తీసుకోవడం) చేస్తారు. ఆ ఫైలును ఉన్నది ఉన్నట్లుగా వాడకూడదు. బీ-గుణకం (పరమాణువు ఎంత ఊగిసలాడుతోందో చెప్పే అంకె) ఉండవలసిన నిలువు వరుసలో అది పీఎల్‌డీడీటీ అనే విశ్వాస సూచికను రాస్తుంది. బీ-గుణకం ఎక్కువైతే అనిశ్చితి ఎక్కువ, ఈ సూచిక ఎక్కువైతే నమ్మకం ఎక్కువ. మార్చకుండా వాడితే నమ్మదగిన భాగాలకే తక్కువ బరువు పడుతుంది. సూచిక 70 కన్నా తక్కువ ఉన్న భాగాలను కత్తిరించి, మిగిలినదానిని బీ-గుణకాలుగా మార్చి, డొమైన్ల (విడిగా మడతపడే భాగాల) మధ్య స్థానాలు అనిశ్చితమైతే వాటిని విడివిడి ముక్కలుగా వెతకాలి. ఫేజర్ అనే ప్రోగ్రాములో స్థానాంతరణ జెడ్-స్కోరు (నమూనాను పెట్టిన చోటు ఎంత నమ్మదగినదో చెప్పే అంకె) 8 దాటితే జవాబు దాదాపు ఖాయం. 5 కన్నా తక్కువైతే అది జవాబు కాదు. ఆ మధ్యలో ఉన్నప్పుడు అణువుల అమరికను గ్రాఫిక్స్‌లో చూడండి. అణువులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతున్నా, పొరల మధ్య ఆనుకోవడానికి ఏమీ లేకుండా ఖాళీ మిగిలినా అది తప్పు జవాబే.

స్కోరు బాగున్నా నమూనా పక్షపాతం మిగిలే ఉంటుంది, ఎందుకంటే ఎలక్ట్రాన్ సాంద్రత పటంలో తీవ్రతలు మన స్ఫటికానివైనా ఫేజులు నమూనావి. వెతికిన నమూనాలో లేనిదేదైనా పటంలో కనిపిస్తోందా అన్నదే అసలు పరీక్ష: కత్తిరించిన లూపు (గొలుసులోని వంపు) సాంద్రత, బంధించిన అయాన్, అలనిన్‌గా కుదించిన చోట మళ్లీ మొలిచే పెద్ద పక్క గొలుసు వంటివి.

ప్రయోగాత్మక ఫేజుల (నమూనా నుంచి కాక కొలతల నుంచే తీసే ఫేజుల) విషయంలో 2006 నాటి ఒక ఉదంతాన్ని ఈ రంగంలోకి వచ్చే ప్రతివారూ తెలుసుకోవాలి. పొర రవాణా ప్రోటీన్ల నిర్మాణాలపై వెలువడిన ఐదు పత్రాలను వాటి రచయితలే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ప్రయోగశాలలో సొంతంగా రాసుకున్న ఒక ప్రోగ్రాము అసంగత పరిక్షేపణ జంటల (భారీ పరమాణువుల వల్ల తీవ్రతలో కొద్ది తేడా వచ్చే బిందువుల జతల) తేడా గుర్తును తారుమారు చేయడంతో నిర్మాణం అద్దంలో ప్రతిబింబంలా తిరగబడింది. మొదటి నిర్మాణం రిజల్యూషన్ 4.5 ఆంగ్‌స్ట్రాములే కావడంతో హెలిక్స్ (సర్పిలంగా చుట్టుకున్న గొలుసు) ఏ వైపు తిరుగుతోందో పటంలో స్పష్టంగా కనిపించలేదు. వేరే ప్రయోగశాల అదే కుటుంబానికి చెందిన ప్రోటీన్ నిర్మాణాన్ని 3 ఆంగ్‌స్ట్రాముల దగ్గర ప్రచురించాకే సంగతి బయటపడింది. దత్తాంశ ఫైలును ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే ప్రతి చిన్న ప్రోగ్రామునూ, జవాబు ముందే తెలిసిన లైసోజైమ్ దత్తాంశం మీద ఒకసారి నడిపి చూడాలి. ఒక గంట పని అది.

దశ 9: రిఫైన్‌మెంట్‌లో ఆత్మవంచన నుంచి తప్పించుకోవడం

1992లో బ్రుంగర్ ప్రవేశపెట్టిన ఆర్-ఫ్రీ కోసం 5 శాతం పరావర్తనాలను మొదటి నుంచే పక్కన పెడతాము. ఇవి ఎందుకంత అవసరమో అంకెల్లో చూద్దాం. పైన చెప్పిన 30,000 డాల్టన్ల ప్రోటీన్‌లో హైడ్రోజన్లు కాక సుమారు 2,100 పరమాణువులుంటాయి; ఒక్కొక్క దానికి మూడు స్థానాంకాలు, ఒక బీ-గుణకం, మొత్తం 8,400 తెలియని రాశులు. మామూలు ద్రావణ శాతంతో 2 ఆంగ్‌స్ట్రాముల వద్ద సుమారు 19,000 స్వతంత్ర పరావర్తనాలు దొరుకుతాయి. 3 ఆంగ్‌స్ట్రాముల వద్ద దొరికేవి దాదాపు 5,600 మాత్రమే. అక్కడ కొలతల కన్నా తెలియని రాశులే ఎక్కువ. బంధ దైర్ఘ్యాలు, కోణాల మీద విధించే నియంత్రణలే నమూనాను నిలబెడతాయి. నియంత్రణలను సడలిస్తే ఆర్-వర్క్ (దిద్దడానికి వాడిన కొలతలతో నమూనాకున్న తేడా) దిగుతుంది, ఆర్-ఫ్రీ దిగదు. రెండింటి మధ్య దూరం 0.07 దాటుతుంటే నమూనా దత్తాంశంలోని దోషాలను కూడా నేర్చుకుంటున్నదని గ్రహించి, పారామీటర్లను తగ్గించాలి.

పక్కన పెట్టిన ఆ గుంపు స్వచ్ఛంగా ఉండాలంటే మూడు జాగ్రత్తలు కావాలి. అదే స్ఫటిక రూపం నుంచి కొత్త దత్తాంశం తెచ్చినప్పుడు పాత గుంపునే కొనసాగించాలి. ట్విన్ నియమంతో జతపడే పరావర్తనాలు రెండూ ఒకే వైపు ఉండాలి. అసౌష్ఠవ భాగంలో ఒకే అణువు పలు ప్రతులుగా ఉన్నప్పుడు గుంపును పలుచని రిజల్యూషన్ పొరలుగా ఎన్నుకోవడాన్ని పరిశీలించాలి.

ఆర్-ఫ్రీ ఎక్కడో ఆగిపోతే దాని అంకెను బట్టి వెనక్కి వెళ్లే దూరం మారుతుంది. పరమాణువులను యాదృచ్ఛికంగా చల్లినా ఆర్ విలువ 0.59 వస్తుంది కనుక, 0.50 దగ్గర ఆగిందంటే జవాబే తప్పు, ఎనిమిదవ దశకు పోవాలి. 0.35 నుంచి 0.40 మధ్య, పటం చూడటానికి బాగానే ఉండి ఆగిందంటే ట్విన్నింగ్‌నో, తప్పు సౌష్ఠవాన్నో, మరచిపోయిన ఒక అణువునో అనుమానించి ఏడవ దశకు పోవాలి. 0.30 దగ్గరైతే లోపం సాధారణంగా మన కట్టడంలోనే ఉంటుంది: వరుస ఒక స్థానం జరిగిన లూపు, తలకిందులైన పెప్టైడ్, కట్టని నీళ్లు.

నమూనా జ్యామితిని చూడటానికి 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ఇచ్చిన పటం నేటికీ అన్నిటికన్నా నిక్కచ్చి సాధనం. దాని బలమంతా గొలుసు మెలికలను కొలిచే ఫై, సై కోణాలను రిఫైన్‌మెంట్ నేరుగా నియంత్రించకపోవడంలో ఉంది. అందుకే తక్కువ రిజల్యూషన్‌లో ఆ కోణాలకూ నియంత్రణ పెట్టి, ఆ తరువాత అదే పటాన్ని నాణ్యతకు సాక్ష్యంగా చూపడం సరికాదు. మంచి నమూనాలో 98 శాతం అమైనో ఆమ్లాలు అనుకూల ప్రాంతంలో ఉంటాయి. బయట పడిన ఒకటి రెండింటిని బలవంతంగా లోపలికి నెట్టకుండా ఎలక్ట్రాన్ సాంద్రత పటం దగ్గర ఆగి చూడండి. స్పష్టమైన సాంద్రత ఉంటే ఆ వింత నిజమే కావచ్చు, అలాంటివి తరచు క్రియాశీల కేంద్రంలోనే ఉంటాయి. ప్రోలిన్ ముందు సిస్ పెప్టైడ్ (మామూలు ట్రాన్స్ రూపానికి బదులు తిరగబడిన పెప్టైడ్ బంధం) దాదాపు 5 శాతం సందర్భాలలో సహజం. ఇతరచోట్ల అది బహు అరుదు కనుక, రెండు మూడు కనిపిస్తే లూపు కట్టడం తప్పిందనే అనుకోవాలి.

దశ 10: లిగాండ్లు, అయాన్లు, నీళ్లు

చూడాలనుకున్నదే కనిపించే ప్రమాదం ఇక్కడ అందరికన్నా నిజాయితీపరులకూ ఉంటుంది. లిగాండ్‌ను (ప్రోటీన్‌కు అంటుకునే చిన్న అణువును) చేర్చకముందే, మిగతా నమూనా పూర్తయ్యాక, భేద పటాన్ని (కొలతలకూ నమూనాకూ మధ్య తేడా చూపే పటాన్ని) 3 సిగ్మాల వద్ద (పటంలోని ప్రామాణిక విచలనానికి మూడు రెట్ల వద్ద) చూసి ఆ చిత్రాన్ని భద్రపరచండి. అక్కడ లిగాండ్ ఆకారం కనిపించకపోతే, చేర్చాక కనిపించే సాంద్రతకు విలువ లేదు. స్ఫటిక ద్రావణంలోని గ్లిసరాల్, సల్ఫేట్, పాలీఇథిలీన్ గ్లైకాల్ ముక్కలు క్రియాశీల కేంద్రంలో చేరి లిగాండ్‌లా భ్రమింపజేస్తాయి కాబట్టి వాటినీ ఆ సాంద్రతలో అమర్చి పోల్చాలి. లిగాండ్ బీ-గుణకాలు చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాల బీ-గుణకాల కన్నా రెండు మూడు రెట్లుంటే అది పాక్షికంగా మాత్రమే ఉన్నట్లు, లేదా అసలు లేనట్లు.

నీటి అణువు, సోడియం అయాన్, మెగ్నీషియం అయాన్, మూడింటికీ ఎలక్ట్రాన్లు పదే. ఎక్స్-కిరణాలకు ఇవి దాదాపు ఒకటిగానే కనిపిస్తాయి. వాటిని విడదీసేది దూరాలే. నీటికి పొరుగు ఆక్సిజన్ సుమారు 2.8 ఆంగ్‌స్ట్రాముల దూరంలో ఉంటుంది, సోడియంకు 2.4 దగ్గర, మెగ్నీషియంకు 2.1 దగ్గర ఆరు ఆక్సిజన్లు అష్టముఖిగా అమరుతాయి. రిఫైన్‌మెంట్ ప్రోగ్రాము తనంతట చేర్చిన నీళ్ల జాబితాలో 2.3 ఆంగ్‌స్ట్రాముల కన్నా దగ్గరగా పొరుగున్న ప్రతి నీటినీ చేత్తో పరిశీలించడం అలవాటు చేసుకోండి.

దశ 11: భద్రపరచడం

ప్రోటీన్ డేటా బ్యాంకుకు సమర్పించే ముందు దాని ధృవీకరణ నివేదికను ముసాయిదాగా తీసి, ఎర్రగా చూపిన ప్రతి అమైనో ఆమ్లం దగ్గరా పటాన్ని తెరిచి చూడండి. సమీక్షకుడు అడిగేదాకా ఆగవద్దు. కలపని తీవ్రతలను, ముడి వివర్తన చిత్రాలను కూడా దాచాలి, వీలైతే బహిరంగ భాండాగారంలో ఉంచాలి. పదేళ్ల తరువాత మెరుగైన ప్రోగ్రాము వచ్చినప్పుడు ఆ చిత్రాల నుంచే మంచి నిర్మాణం మళ్లీ తీయవచ్చు. కలిపేసిన సంఖ్యల నుంచి అది సాధ్యం కాదు. ప్రతి దత్తాంశం పక్కనా ఏ ప్రోటీన్ బ్యాచి, ఏ ప్లేటు, ఏ చుక్క, స్ఫటికం కనిపించిన తేదీ, గడ్డకట్టించిన ద్రావణం, ప్రోగ్రాముల వెర్షన్లు, ఆర్-ఫ్రీ గుంపు ఉన్న ఫైలు పేరు రాసి ఉంచండి. ఏడవ దశ నుంచి రెండవ దశకు వెనక్కి నడవవలసి వచ్చిన రోజున ఆ వరుసే దారి చూపుతుంది.